ప్రతి పొరా ఒకప్పుడు పైపొరే: సెమీకండక్టర్ స్ఫటికాల మీద పరమాణువుల అమరిక

గూడూరు, సైదాపురం వైపు పాత మైకా గనుల దిబ్బలు చూసినవాళ్లకు కాళ్ల కింద మెరిసే రేకులు కొత్త కాదు. పిల్లలు కాకిబంగారం అని ఏరుకునేది దాన్నే. ఒక ముక్క తీసుకుని అంచులో చాకు మొన దూర్చి కాస్త కదిపితే పొర లేస్తుంది. గోటితో పట్టి మెల్లగా లాగితే రేకు ఊడి వస్తుంది. ఆ రేకును మళ్లీ చీల్చవచ్చు, వచ్చినదాన్ని ఇంకోసారి చీల్చవచ్చు. వెలుతురుకు పట్టి చూస్తే నెల్లూరు మైకాలో లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. అప్పటికప్పుడు విడదీసిన ఆ ముఖం ఎంత చదునుగా ఉంటుందంటే, మైక్రాన్ల కొద్దీ దూరం వెళ్లినా ఒక్క మెట్టు కూడా తగలకపోవచ్చు. ఒకప్పుడు ఇస్త్రీపెట్టెల్లోకీ రేడియో వాల్వుల్లోకీ వెళ్లిన మైకాను ఈ రోజుల్లో డీఎన్ఏ పోగుల్ని సూక్ష్మదర్శిని కింద పరిచి చూడడానికీ, బంగారాన్ని పరమాణువుల మట్టాన చదునుగా పొర వేయడానికీ ప్రయోగశాలల్లో వాడుతున్నది ఇందుకే.

చాకుతోనే ఇంత పని అయిపోవడానికి కారణం మైకా పుట్టుకలోనే ఉంది. అది ఒక్కొక్కటీ దాదాపు 1 నానోమీటరు మందం ఉన్న పొరల దొంతర. పొర లోపల సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య మాత్రం పొటాషియం అయాన్ల పట్టు ఒక్కటే. చీల్చినప్పుడు విడిపోయేది అక్కడే. కొత్తగా బయటపడ్డ ముఖం మీద తెగిన గట్టి బంధాలు దాదాపు ఉండవు కాబట్టి అక్కడి పరమాణువులకు ఉన్నచోటు వదిలి కదలాల్సిన పని పెద్దగా పడదు.

సిలికాన్ సంగతి అలా కాదు. దాని స్ఫటికంలో ప్రతి పరమాణువూ నాలుగు దిక్కుల్లో నాలుగు పొరుగు పరమాణువులతో బంధం పెట్టుకుని ఉంటుంది. ప్రతి బంధం పొడవూ 0.235 నానోమీటర్లు, అన్నీ సమానమైన బలం ఉన్నవే. ఎక్కడ కోసినా గట్టి బంధాలు తెగాల్సిందే. తెగినచోట జత పోయిన ఎలక్ట్రాన్‌తో ఒక బంధం గాలిలోకి చాచుకుని మిగులుతుంది. చిప్పుల తయారీకి ఎక్కువగా వాడే ముఖాన్ని (100) అంటారు, స్ఫటికాన్ని ఏ దిక్కున కోశారో చెప్పే గుర్తు అది. ఆ ముఖం మీద ఒక చదరపు సెంటీమీటరులో దాదాపు 7 కోట్ల కోట్ల పరమాణువులు ఉంటాయి. కోసిన క్షణాన ఒక్కోదానికి రెండేసి తెగిన బంధాలు. అంత శక్తిని మోస్తూ స్ఫటికం ఊరికే ఉండలేదు.

ఇక్కడే చాలామందికి చిక్కు పడుతుంది. ఒంగోలులోనో నెల్లూరులోనో ఇంటర్ చదివే పిల్లవాడు సెమీకండక్టర్ పాఠంలో చూసే స్ఫటికం బొమ్మకు అంచు ఉండదు. నాలుగు పక్కలా అదే అమరిక, ఎంత దూరం వెళ్లినా అదే. ఆ బొమ్మను కత్తెరతో కత్తిరిస్తే వచ్చే అంచే ఉపరితలం అనుకోవడం సహజం. నిజానికి స్ఫటికం లోపలి అమరిక పైపొర దాకా అలాగే కొనసాగదు. పైనున్న పరమాణువులు పక్కకు జరుగుతాయి, వంగుతాయి, కొన్ని చోట్లు ఖాళీ చేస్తాయి, కొన్ని కొత్తగా పైకెక్కి కూర్చుంటాయి. దీన్నే ఉపరితల పునర్నిర్మాణం అంటారు. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఒక పేజీ అయినా దక్కకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపిస్తుంది. ఎందుకంటే ఈ కాలపు ఎలక్ట్రానిక్స్‌లో చాలా భాగం పొర మీద పొరగా పెంచినదే, అలా పెంచేటప్పుడు ప్రతి పరమాణువూ వచ్చి దిగేది ఈ పైపొర మీదే.

సిలికాన్ (100) ముఖం మీద జరిగేది అన్నిటికంటే తేలిగ్గా అర్థమవుతుంది. పక్కపక్కనున్న రెండు పరమాణువులు ఒకదాని వైపు ఒకటి వంగి కొత్త బంధం కలుపుకుంటాయి. ఈ జంటను డైమర్ అంటారు. దీంతో ఒక్కోదానికి రెండున్న తెగిన బంధాలు ఒకటికి తగ్గుతాయి. సగం భారం దిగింది. అయితే ఇది ఊరికే రాదు. వంగినప్పుడు కింది పొరలతో ఉన్న బంధాలు తమ సహజమైన కోణం తప్పుతాయి, స్ఫటికంలో బిగువు పెరుగుతుంది. తెగిన బంధాలు తగ్గించుకుంటే కలిసివచ్చే శక్తి ఎంత, దానికోసం వంగితే పెరిగే బిగువు ఎంత అన్న బేరం మీదే ఏ ముఖం ఏ రూపం తీసుకుంటుందో తేలుతుంది. ఆ బేరం ఇక్కడితో ఆగదు. డైమర్‌లో ఒక పరమాణువు కాస్త పైకి లేస్తుంది, రెండోది కిందికి దిగుతుంది, దిగినదాని నుంచి లేచినదానికి కొంత ఎలక్ట్రాన్ ఆవేశం తరలిపోతుంది. మామూలు ఉష్ణోగ్రతలో ఈ తక్కెడ ఎంత వేగంగా అటూ ఇటూ ఊగుతుందంటే పరికరానికి రెండూ సమాన ఎత్తులో ఉన్నట్టే కనిపిస్తాయి. బాగా చల్లబరిస్తే ఎవరు పైకి, ఎవరు కిందికి అన్నది స్థిరపడి కనిపిస్తుంది.

జంట కట్టడం వల్ల ఒక దిక్కులో అమరిక తిరిగి రావడానికి రెట్టింపు దూరం పడుతుంది, రెండో దిక్కులో మార్పు ఉండదు. అందుకే దీన్ని 2×1 అని రాస్తారు. ఈ అంకెలు చూసి కంగారు పడక్కర్లేదు. వాకిట్లో చుక్కల ముగ్గు ఊహించుకోండి. చుక్కలు లోపలి స్ఫటికం ఇచ్చిన కొలత, ముగ్గు పైపొర గీసుకున్న డిజైన్. ఇటు ఎన్ని చుక్కలు, అటు ఎన్ని చుక్కలు దాటితే అదే డిజైన్ మళ్లీ మొదలవుతుందో ఆ రెండు అంకెలే ఈ పేరు.

సిలికాన్‌కే (111) అనే ఇంకో ముఖం ఉంది. ఆ ముఖం మీద డిజైన్ మళ్లీ రావాలంటే ఏడు చుక్కలు ఇటు, ఏడు చుక్కలు అటు వెళ్లాలి. 1959లో ష్లియర్, ఫార్న్స్‌వర్త్ అనే ఇద్దరు తక్కువ శక్తి గల ఎలక్ట్రాన్లను ఈ ముఖం మీదికి పంపి, తిరిగి వచ్చే ఎలక్ట్రాన్ల చుక్కల బొమ్మలో ఈ 7×7 కొలతను పట్టారు. కానీ ఆ బొమ్మ ఎంత దూరానికి అమరిక తిరిగి వస్తుందో చెబుతుంది, లోపల ఎవరెక్కడ కూర్చున్నారో నేరుగా చూపదు. డిజైన్ ఒకసారి పూర్తయ్యే మేరను గడి అనుకుంటే, ఒక గడిలో పైపొరలోనే 49 చోట్లు. ఎవరికి తోచిన నమూనా వాళ్లు గీశారు, ఇరవై ఏళ్లు దాటినా తగువు తీరలేదు.

తీర్చడానికి మొదటి దారి జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో దొరికింది. గెర్డ్ బినిగ్, హైన్రిక్ రోరర్ తయారుచేసిన స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపులో ఒక సూది మొన ఉపరితలాన్ని తాకకుండా, నానోమీటరు కంటే తక్కువ ఎడంలో తిరుగుతుంది. ఆ ఎడం దాటి ఎలక్ట్రాన్లు దూకడం వల్ల చిన్న కరెంటు పారుతుంది. ఎడం 0.1 నానోమీటరు తగ్గితే ఆ కరెంటు దాదాపు పదింతలు అవుతుంది. కరెంటు మారకుండా సూదిని పైకీ కిందికీ సర్దుతూ పోతే, సూది నడిచిన గీతే ఉపరితలం ఎత్తుపల్లాల గీత. వాళ్లు చేసిన పనిలో నాకు చాలా ఇష్టమైన భాగం ఒకటుంది. అప్పటికి వాళ్ల దగ్గర కంప్యూటర్ తెర మీద రంగుల బొమ్మ గీసే ఏర్పాటు లేదు. రికార్డర్ కాగితం మీద గీసిన గీతల్ని వరసగా కత్తెరతో కత్తిరించి, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి అతికించి, 7×7 గడి నమూనా కట్టారు. 1983లో అచ్చయిన ఆ బొమ్మలో ఒక్కో గడిలో 12 గుట్టలు, మూలల్లో లోతైన గుంటలు స్పష్టంగా కనిపించాయి. 1986లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

1985లో టోక్యోలో తకయనగి బృందం ఎలక్ట్రాన్ వివర్తనంతో, అంటే స్ఫటికం నుంచి చెదిరిన ఎలక్ట్రాన్లు వేసే బొమ్మతో, మొత్తం నిర్మాణాన్ని విప్పింది. ఆ 12 గుట్టలూ ఉపరితలం పైకెక్కి కూర్చున్న అదనపు పరమాణువులు. ఒక్కొక్కటీ కింద మూడు తెగిన బంధాల్ని మూసి, తన వంతుగా ఒక్కటే మిగుల్చుతుంది. గడిలో సగభాగం కింది పొర మీద కాస్త తప్పు వరసలో కూర్చుంటుంది. ఆ సగానికీ ఈ సగానికీ సరిహద్దులో డైమర్ల వరస. మూలల్లో గుంట. ఇంత తతంగం ఎందుకంటే, కోసినప్పుడు గడికి 49 ఉన్న తెగిన బంధాలు చివరికి 19కి దిగుతాయి. దాదాపు 830 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడి చేస్తే ఈ డిజైన్ చెదిరిపోతుంది, చల్లారిస్తే మళ్లీ అదే వస్తుంది.

ఇదంతా ఎవరికీ గాలిలో కనిపించదు. సిలికాన్ పలకను బల్ల మీద పెడితే ఆక్సిజన్ వచ్చి తెగిన బంధాలన్నీ పట్టుకుని నానోమీటరు రెండు నానోమీటర్ల మందం ఆక్సైడ్ పేరుస్తుంది. వాతావరణ పీడనాన్ని వంద కోట్లలో ఒక వంతుకు తగ్గించినా, గదిలో మిగిలిన వాయువు ఒక్క సెకనులో ఉపరితలం అంతా ఒక పొర కప్పగలదు. అందుకే ఈ పని చేసేవాళ్లు ఇంకా పదివేల రెట్లు ఎక్కువ శూన్యం, అంటే పది లక్షల కోట్లలో ఒక వంతు పీడనం దగ్గర పనిచేస్తారు. అప్పుడు ఉపరితలం రెండు మూడు గంటలు శుభ్రంగా నిలుస్తుంది.

అలాంటి శూన్యంలోనే పొరలు పెంచే పద్ధతిని 1960ల చివరి నుంచి బెల్ ప్రయోగశాలల్లో ఆల్‌ఫ్రెడ్ చో, జాన్ ఆర్థర్ రూపుదిద్దారు. దాన్ని మాలిక్యులర్ బీమ్ ఎపిటాక్సీ అంటారు. గాలియం ఆర్సెనైడ్ పెంచాలంటే గాలియంను ఒక మూసలో, ఆర్సెనిక్‌ను ఇంకో మూసలో వేడి చేసి, ఆవిరిని 580 డిగ్రీల చుట్టుపక్కల వేడి మీదున్న పలక పైకి పంపుతారు. గాలియం పడ్డది పడ్డట్టు అంటుకుంటుంది. ఆర్సెనిక్ మాత్రం గాలియం దొరికినంత మేరే నిలిచి, మిగతాది తిరిగి ఎగిరిపోతుంది. సెకనుకు ఒక పొర, పొర మందం 0.283 నానోమీటర్లు. గంటకు ఒక మైక్రాన్.

పెరుగుతున్న పొరను చూడడం ఎలా? పలకకు దాదాపు సమాంతరంగా, ఒకటి నుంచి మూడు డిగ్రీల వాలులో, పది ఇరవై వేల వోల్టుల ఎలక్ట్రాన్ల పుంజాన్ని జారవిడుస్తారు. అవతల పక్క తెర మీద పచ్చటి వెలుగులో బొమ్మ పడుతుంది. పని మొదలుపెట్టినప్పుడు ఆ బొమ్మ మసకగా ఉంటుంది, పలక మీద ఇంకా ఆక్సైడ్ ఉంది. వేడి 580 డిగ్రీల దగ్గరికి చేరగానే ఆక్సైడ్ ఎగిరిపోయి బొమ్మ తేటపడుతుంది. శూన్యంలో పలక అసలు వేడిని కొలవడం కష్టం కనుక చాలామంది థర్మామీటరును ఈ క్షణంతోనే సరిచూసుకుంటారు. తర్వాత పొరలు పేరుకునేకొద్దీ చుక్కలు నిలువు గీతలుగా సాగుతాయి. ఒక దిక్కు నుంచి చూస్తే పెద్ద గీతల మధ్య ఒక్కో సన్నగీత ఉంటుంది. పలకను 90 డిగ్రీలు తిప్పితే మధ్యలో మూడేసి సన్నగీతలు. ఒకవైపు రెండింతలు, ఇంకోవైపు నాలుగింతలు, అంటే పైపొర 2×4 రూపంలో ఉందన్నమాట. అంతకంటే చక్కటిది గీత వెలుగు. కొత్త పొర సగం నిండినప్పుడు ఉపరితలం బాగా గరుకుగా ఉంటుంది, వెలుగు తగ్గుతుంది. పొర నిండితే మళ్లీ చదునై వెలుగు పెరుగుతుంది. తెర ముందు కూర్చుని ఆ వెలుగు ఎన్నిసార్లు ఎక్కి దిగిందో లెక్కపెడితే ఎన్ని పొరలు వేశారో తెలిసిపోతుంది.

ఆ 2×4 ఎందుకు వచ్చిందో చేతివేళ్ల మీద లెక్క వేయవచ్చు. గాలియంకు బంధాల కోసం 3 ఎలక్ట్రాన్లు, ఆర్సెనిక్‌కు 5. రెండూ నాలుగేసి బంధాలు కడతాయి. కాబట్టి ప్రతి బంధానికీ గాలియం వైపు నుంచి ముప్పావు ఎలక్ట్రాన్, ఆర్సెనిక్ వైపు నుంచి ఒకటింపావు. కలిస్తే సరిగ్గా 2. ఉపరితలం మీద బంధం తెగినప్పుడు గాలియం వైపు బంధం ఎక్కువ శక్తి మట్టంలో ఉంటుంది కనుక తన ముప్పావును వదిలేసి ఖాళీ కావడానికి చూస్తుంది. ఆర్సెనిక్ వైపు బంధానికి 2 నిండడానికి కావలసింది ఆ ముప్పావే. కాబట్టి ఇచ్చేవీ పుచ్చుకునేవీ సరిపోయేలా కొన్ని ఆర్సెనిక్ డైమర్లు నిలిచి, కొన్ని చోట్లు ఖాళీ అవుతాయి. పెరుగుదల సమయంలో సాధారణంగా కనిపించే 2×4 రూపంలో, గడికి పైన రెండు ఆర్సెనిక్ డైమర్లు, పక్కన రెండు ఖాళీ చోట్లు, ఆ కందకం అడుగున ఇంకో డైమర్ ఉంటాయి. ఆర్సెనిక్ ఇంకా ఎక్కువ పంపితే రూపం మారుతుంది, గాలియం ఎక్కువైతే 4×2 అవుతుంది. ఒక్కో రూపం మీద కొత్త పరమాణువు నడిచే దారి వేరు, దిగే చోటు వేరు.

అయితే ఇదంతా తాత్కాలికమే కదా, పైన ఇంకో పొర పడగానే ఆ డిజైన్ చెరిగిపోయి కింద ఉన్నది మామూలు స్ఫటికంగా మారిపోతుంది కదా అని అడగవచ్చు. డిజైన్ చెరిగేది నిజమే. కానీ అది ఉన్నప్పుడు ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో ఆ నిర్ణయం చాలాసార్లు లోపల అలాగే గడ్డకట్టిపోతుంది. లోపలున్న ప్రతి పొరా ఒకప్పుడు పైపొరే. దీనికి మంచి ఉదాహరణ శ్రీహరికోట నుంచి పైకి వెళ్లే ఉపగ్రహాల రెక్కల మీదే ఉంది.

రాకెట్ లేచిన రోజు నెల్లూరులో డాబాలెక్కి చూసేవాళ్లకు మంట కనిపిస్తుంది, పొగ చార కనిపిస్తుంది. ఆ తర్వాత ఉపగ్రహాన్ని ఏళ్ల తరబడి బతికించే సౌర ఫలకాల్లో, ఇస్రోతో సహా చాలా అంతరిక్ష సంస్థలు మూడు జంక్షన్ల సెల్స్, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు సౌర ఘటాలు వాడుతున్నాయి. అడుగున జెర్మేనియం పలక, దాని మీద గాలియం ఆర్సెనైడ్, అన్నిటికంటే పైన గాలియం ఇండియం ఫాస్ఫైడ్. ఒక్కో పొర ఎండలో ఒక్కో వాటాను పట్టుకుంటుంది. అంతరిక్షంలో వీటి సామర్థ్యం దాదాపు 30 శాతం.

జెర్మేనియం, గాలియం ఆర్సెనైడ్ స్ఫటికాల కొలతలు దాదాపు ఒక్కటే, 0.5658, 0.5653 నానోమీటర్లు. కాబట్టి ఒకదాని మీద ఒకటి ఇట్టే కుదరాలి. చిక్కు ఇంకోచోట ఉంది. జెర్మేనియంలో ఉన్నది ఒకే జాతి పరమాణువు, గాలియం ఆర్సెనైడ్‌లో రెండు. జెర్మేనియం ఉపరితలం మీద ఒక్క పరమాణువు ఎత్తు మెట్టు ఉందనుకోండి. మెట్టు పైనా కిందా కూడా మొదట ఆర్సెనిక్కే దిగితే, పై గట్టు మీద గాలియం ఉన్న ఎత్తులో కింది గట్టు మీద ఆర్సెనిక్ వస్తుంది. రెండు భాగాలూ పెరిగి కలుసుకున్నచోట గాలియం పక్కన గాలియం, ఆర్సెనిక్ పక్కన ఆర్సెనిక్ పడి ఒక తప్పు గోడ లేస్తుంది. ఎండ పుట్టించిన ఎలక్ట్రాన్లు ఆ గోడ దగ్గర చిక్కుకుని వృథా అయిపోతాయి. దీనికి విరుగుడు ఉపరితలంలోనే దొరికింది. పలకను స్ఫటికపు దిక్కుకు సరిగ్గా కాకుండా 6 డిగ్రీల వరకు వాల్చి కోసి, తగిన వేడిలో సిద్ధం చేస్తే, ఒక పరమాణువు ఎత్తు మెట్లు రెండేసి కలిసి జంట మెట్లుగా మారతాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య 2.7 నానోమీటర్ల గట్టు. రెండు పరమాణువుల ఎత్తు దిగితే గాలియం గాలియంకూ, ఆర్సెనిక్ ఆర్సెనిక్‌కూ వరస కలుస్తుంది, గోడ లేవదు.

పైనున్న గాలియం ఇండియం ఫాస్ఫైడ్ పొరలో జరిగేది ఇంకా సూక్ష్మం. ఇందులో గాలియం, ఇండియం దాదాపు సగం సగం. ఏది ఎక్కడ కూర్చోవాలన్న నియమం లేదు, కలగాపులగంగా ఉండాలి. 1980లలో జపాన్‌లో ఈ పొరల్ని పరిశీలించినవాళ్లకు మాత్రం ఒక తలంలో గాలియం ఎక్కువ, పక్క తలంలో ఇండియం ఎక్కువ, మళ్లీ గాలియం అన్నట్టు చారలు కనిపించాయి. కారణం పైపొరలోని ఫాస్ఫరస్ డైమర్లు. డైమర్ల కింద చోటు నొక్కుకుపోయి ఇరుకవుతుంది, చిన్నదైన గాలియం అక్కడ సర్దుకుంటుంది. డైమర్ల మధ్య చోటు సాగి ఉంటుంది, పెద్దదైన ఇండియం అక్కడికి పోతుంది. తర్వాతి పొర పడి డైమర్లు విడిపోయినా చారలు ఉండిపోతాయి. వాటి వల్ల ఆ పదార్థం బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కాంతిలో ఉండాల్సిన కనీస శక్తి) 1.9 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉండాల్సింది 1.8 వరకు పడిపోగలదు. పరమాణువుల లెక్క ఒకటే, పాళ్లు ఒకటే, పట్టుకునే ఎండ రంగు మాత్రం మారిపోయింది.

ఈ సెల్స్‌ను శూన్యంలో కాకుండా వాయువులు పారే కొలిమిలో పెంచుతారు. ఎలక్ట్రాన్ పుంజం అక్కడ పనికిరాదు. అందుకని కాంతిని వాడతారు. డైమర్లన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటే, ఆ దిక్కులో కంపించే కాంతి, దానికి అడ్డంగా కంపించే కాంతి కొద్దిపాటి తేడాతో తిరిగి వస్తాయి. లోపలి స్ఫటికం రెండు దిక్కుల్లోనూ ఒకేలా ఉంటుంది కనుక ఆ తేడా చాలావరకు పైపొర చెప్పేదే. ఆ తేడాను రంగు రంగుకూ కొలుస్తూ, కొలిమి మూత తెరవకుండానే పైన ఏ రూపం ఉందో పసిగడతారు.

చారలు వద్దనుకున్నప్పుడు పెంచేవాళ్లు ఆంటిమొనీ ఆవిరిని కొద్దిగా కలుపుతారు. ఆంటిమొనీ పరమాణువు పెద్దది, లోపలికి చాలా తక్కువగా పోతుంది. ఎక్కువ భాగం పైపొర మీదే తేలుతూ ఫాస్ఫరస్ డైమర్ల స్థానాన్ని తీసుకుంటుంది. గాలియంను కిందికి, ఇండియంను పక్కకు తోసే ఆ నొక్కుడు తగ్గిపోతుంది, రెండూ కలగాపులగంగా దిగుతాయి, బ్యాండ్ గ్యాప్ మళ్లీ 1.9 వైపు లేస్తుంది, దాంతో పాటు పై సెల్ వోల్టేజీ పెరుగుతుంది. పని పూర్తయ్యాక పొరను విశ్లేషిస్తే ఆంటిమొనీ జాడ నామమాత్రంగానే దొరుకుతుంది.